రాకేశ్ శర్మ అంటే ఆ వారం రోజులేనా?

సంపాదకులకు నమస్కారం.

ఏప్రిల్ 3 వస్తే పత్రికల్లో రోదసిలోకి వెళ్లిన తొలి భారతీయుడు రాకేశ్ శర్మ ఫొటో పడుతుంది. కింద నాలుగు ముక్కలు: 1984, ఆయన ఎక్కిన సోయుజ్ టి-11 నౌక, ఆయన ఉన్న సల్యూత్-7 రోదసి కేంద్రం, ఇందిరా గాంధీకి ఆయన చెప్పిన ‘సారే జహాఁ సే అచ్ఛా’ జవాబు. అక్కడితో సరి. ఆయన రోదసిలో ఉన్నది ఎనిమిది రోజుల లోపే. యుద్ధ విమానాలు నడిపిన ఏళ్ల గురించి ఎవరూ రాయరేమని నా బాధ.

నేను వైమానిక దళంలో మిగ్-21 యుద్ధ విమానాల మీద ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా (విమానం బాడీ పనులు చూసే మెకానిక్‌గా) చేసి రిటైరయ్యాను. పైలట్ కాక్‌పిట్‌లో ఇరుక్కుని కూర్చున్నాక బెల్టులు బిగించడానికి సాయం పట్టేది మేమే. ప్రమాదంలో పైలట్‌ను బయటికి విసిరే ఎజెక్షన్ సీటు సేఫ్టీ పిన్నులు తీసి, ఆయనకు కనబడేలా ఎత్తి చూపించి, నిచ్చెన లాగేస్తాం. ఇక ఉన్నది ఒకే ఇంజను, ఒకే మనిషి. తిరిగొచ్చి రన్‌వే మీద దిగి, తోక దగ్గర బ్రేక్ పారాచూట్ విచ్చుకునే దాకా మాకు ఊపిరాడదు. అలాంటి విమానంలో శర్మ 1971 యుద్ధంలో 21 సార్లు వెళ్లొచ్చారు. అప్పటికి ఆయనకు 22 ఏళ్లు, దళంలో అధికారిగా కమిషన్ పొంది ఏడాదే. హైదరాబాద్ సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూల్లో, నిజాం కాలేజీలో చదివిన కుర్రాడని మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

ఆయనతో పాటు మాస్కో దగ్గరి వ్యోమగాముల శిక్షణ కేంద్రం స్టార్ సిటీలో అదే శిక్షణ అంతా పూర్తిచేసి, అవసరమైతే ఎక్కడానికి సిద్ధంగా ఉన్న రవీశ్ మల్హోత్రా పేరు ఆ నాలుగు ముక్కల్లో ఎప్పుడూ ఉండదు.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ తర్వాతి సంగతి. అశోక చక్ర అందుకున్న మనిషి సన్మానాలతోనే కాలం గడపొచ్చు. శర్మ 1987లో వింగ్ కమాండర్‌గా విరమించి విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్‌లో చీఫ్ టెస్ట్ పైలట్‌గా చేరారు. ముందు నాసిక్, 1992 నుంచి బెంగళూరు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన విమానాన్ని స్క్వాడ్రన్‌కు ఇచ్చే ముందు గాల్లో పరీక్షించేది టెస్ట్ పైలటే. ఎక్కడ అదురుతోందో, ఏ గేజీ తప్పు చూపుతోందో తొడ మీది ప్యాడ్‌లో రాసుకొచ్చి ఇంజనీర్లకు చెబుతారు. ఆ రాతను నమ్ముకునే మేము మా పైలట్‌ను అందులో ఎక్కించేవాళ్లం.

మనుషుల్ని రోదసిలోకి పంపే మన సొంత కార్యక్రమం గగన్‌యాన్‌కు ఎంపికైన నలుగురూ టెస్ట్ పైలట్లే. వారిలో శుభాంశు శుక్లా 2025లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లొచ్చారు. మిగతావారి వంతు వచ్చినప్పుడైనా వాళ్లు ఏ విమానాలు నడిపారో, ఏం పరీక్షించారో వివరంగా రాయించండి. మీ విలేకరులకు అనుమానాలుంటే మా లాంటి గ్రౌండ్ క్రూ వాళ్లను అడగమనండి, ఓపిగ్గా చెబుతాం.

ఇట్లు,
వైమానిక దళ విశ్రాంత ఉద్యోగి