కొండమీది సీసా

ఒరేయ్ సూరిగా,

రెండు నెలలు జవాబు రాయనందుకు తిట్లన్నీ ఒకేసారి తిట్టేసుకో, పడతాను. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అమ్మ మోకాలు కాస్త నయం. నువ్వు పంపిన మాగాయ సగం జాడీ అయిపోయింది, మిగతా సగం మీ చెల్లెలు నాకు కనపడకుండా ఎక్కడో పెట్టింది. వార్తలంటే ఇవే.

ఇక నువ్వు పంపిన ఆ వీడియో. మనసు కరిగించే టీవీ యాడ్లలో దేశాలన్నిటినీ కలిపేసే కుట్ర సంకేతాలు దాచారని ఎవడో ఎర్ర గీతలు గీసి చూపిస్తే, నువ్వు కింద "నిజమేనా?" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. ఒక్క ముక్క అడిగితే ఒక్క ముక్కలో చెప్పే అలవాటు నాకుంటే గొడుగు మేష్టారు నన్ను ఎప్పుడో పాస్ చేసేవారు.

ముందు ఆ ఎర్ర గీతల సంగతి తేల్చేస్తా. మన టీవీలో సెకనుకి 25 ఫ్రేములు, అంటే విడివిడి బొమ్మలు. అంటే 30 సెకన్ల యాడ్‌కి 750, ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. ఎవరైనా బొమ్మ దూర్చాలన్నా అంతకంటే తక్కువసేపు చూపించడం కుదరదు, ఆ మాత్రానికే కంటికి చిటుక్కుమని తెలిసిపోతుంది. నువ్వే చూసుకోవచ్చు. యాడ్‌ని కంప్యూటర్లోకి దించి, వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్లో పెట్టి ఇంగ్లీషు ‘ఈ’ మీట నొక్కుతూ పో, ఒక్కో నొక్కుకి ఒక్కో ఫ్రేము కదులుతుంది. 750 నొక్కులు, అరగంట పని. ఒక్క జాగ్రత్త: ఎక్కడెక్కడో తిరిగొచ్చిన కాపీలు పట్టుకోకు. 25 ఫ్రేముల వీడియోని 30కి మార్చినప్పుడు సాఫ్ట్‌వేరు పక్కపక్క ఫ్రేములు రెండింటిని కలగలిపి కొత్తది పుట్టిస్తుంది. ఒక మొహం మీద ఇంకో మొహం, మధ్యలో దెయ్యంలాంటి నీడ. నీ వీడియోలో గీత గీసినవి నూటికి తొంభై పాళ్ళు అలాంటివే.

ఈ దాచిన సందేశాల భయానికి మూలపురుషుడు జేమ్స్ వికరీ అనే అమెరికన్ మార్కెట్ పరిశోధకుడు. 1957లో న్యూజెర్సీలోని ఫోర్ట్‌లీలో ఒక హాల్లో సినిమా నడుస్తుండగా, అయిదు సెకన్లకోసారి, సెకనులో మూడువేలవ వంతు సేపు "కోకాకోలా తాగండి", "పాప్‌కార్న్ తినండి" అని తెరమీద మెరిపించానన్నాడు. కోక్ అమ్మకాలు 18.1 శాతం, పాప్‌కార్న్ 57.5 శాతం పెరిగాయట. ఆ దశాంశాలు చూశావా? అబద్ధానికి ఇస్త్రీ చొక్కా. 1962లో తనే ఒప్పుకున్నాడు, చేతిలో ఉన్న లెక్కలు ఏ మూలకీ చాలవని, అదంతా గిమ్మిక్కని. అతను ఒప్పుకున్న సంగతి ఎవరికీ గుర్తులేదు, శాతాలు మాత్రం ఇప్పటికీ ఊరేగుతున్నాయి.

సరే, అసలు నీకు చెప్పాలని నోరు దురద పెడుతున్నది ఇది కాదు. 1971 కోకాకోలా కొండ యాడ్. ఈ రకం యాడ్లన్నిటికీ అమ్మమ్మ.

ఆ ఏడాది జనవరిలో కోక్‌కి యాడ్లు చేసే మెకాన్ ఎరిక్సన్ ఏజెన్సీ క్రియేటివ్ డైరెక్టర్ బిల్ బ్యాకర్ లండన్ వెళ్తున్నాడు. అక్కడ పొగమంచు. విమానాన్ని ఐర్లండులో షానన్‌లో దింపేశారు. రాత్రంతా ప్రయాణికులు ఒకళ్ళనొకళ్ళు కొరికేసేలా ఉన్నారు. తెల్లారేసరికి అదే జనం విమానాశ్రయం క్యాంటీన్లో కోక్ సీసాలు పట్టుకుని నవ్వుకుంటూ కబుర్లు. బ్యాకర్ చేతికందిన కాగితపు రుమాలు మీద రాసుకున్నాడు: ప్రపంచానికంతటికీ ఒక కోక్ కొనిపెట్టి తోడు కూర్చోవాలని ఉంది. లండన్ చేరి బిల్లీ డేవిస్, రోజర్ కుక్, రోజర్ గ్రీన్‌అవేలతో కలిసి పాట కట్టాడు. న్యూ సీకర్స్ అనే పాటల బృందం పాడింది.

ఫిబ్రవరి 12న అమెరికా రేడియోలకి పంపారు. తుస్సుమంది! బాట్లర్లకి, అంటే కంపెనీ దగ్గర సిరప్ కొని ఊరూరా సీసాల్లో నింపి అమ్మే స్థానిక వ్యాపారులకి, అది అస్సలు నచ్చలేదు. రేడియోలో సమయం కొనం పొమ్మన్నారు చాలామంది. ఇక్కడ ఆగి ఆలోచించు. లోకాన్ని ఏకం చేసే కుట్ర అయితే, దాన్ని మొదట తన్నింది సొంత మనుషులే.

బ్యాకర్ వదల్లేదు, బొమ్మ ఉంటే నిలబడుతుందని పట్టుబట్టాడు. ఇంగ్లండులో డోవర్ కొండల మీద షూటింగన్నారు, రోజుల తరబడి వాన. ఇటలీకి తరలారు, అక్కడా వాన. చివరికి లెక్క 2,50,000 డాలర్లకి చేరింది, అప్పటికి యాడ్ ఫిల్ముల్లో అది తలతిరిగే ఖర్చు. తీరా ముందు యూరప్‌లో వేస్తే జనం పెద్దగా పట్టించుకోలేదు. జూలైలో అమెరికాలో వేశారు, అంతే. నవంబరుకల్లా లక్ష పైచిలుకు ఉత్తరాలు వచ్చిపడ్డాయి. రేడియోలకి ఫోన్లు చేసి పాట వెయ్యమని అడిగారు జనం. అందులోంచి కోక్ మాట తీసేసి మళ్ళీ రికార్డు చేస్తే మామూలు పాటగా కూడా మార్మోగిపోయింది. రాయల్టీలో మొదటి 80,000 డాలర్లు యునిసెఫ్‌కి ఇచ్చారు.

ఇప్పుడు ఆ యాడ్ చివర చూడు. హెలికాప్టర్ పైకి లేస్తుంటే కొండంతా కుర్రకారు. ఒక్కొక్కరూ వాళ్ళ వాళ్ళ దేశపు బట్టల్లో, అందరి చేతుల్లోనూ అదే సీసా. తెరమీద అక్షరాలు వస్తాయి: ఇటలీలో ఒక కొండమీద ప్రపంచం నలుమూలల నుంచీ యువతీయువకుల్ని సమకూర్చాం, ప్రపంచమంతటా ఉన్న కోకాకోలా బాట్లర్ల తరఫున మీకు ఈ సందేశం అందించడానికి.

సందేశం అని వాళ్ళే రాశారు, ఎవరు పంపారో కూడా రాశారు. దీనికి ఫ్రేము ఫ్రేముకీ నొక్కులెందుకురా? బట్టలు ఎవరివి వాళ్ళవే ఉండనీ, తాగేది మాత్రం మాది. ఇది గ్లోబలిజమే, అంటే లోకమంతా ఒకే సంత అనడమే, నేను కాదనడంలేదు. కాకపోతే బోర్డు కట్టుకున్న గ్లోబలిజం. 1983లో థియొడోర్ లెవిట్ అనే హార్వర్డ్ ప్రొఫెసర్ ఇదే మాట బాహాటంగా రాసేశాడు: కంపెనీలు దేశానికో రకం సరుకు చేయడం మానాలి, లోకమంతటికీ ఒకే సరుకు చౌకగా ఇస్తే జనం కొంటారు అని. గుసగుసలు కావవి, పత్రికలో అచ్చేసిన వ్యాసం.

ఈ యాడ్లన్నీ అంత తియ్యగా ఎందుకుంటాయో తెలుసా? డబ్బింగు. ఒక్క మాస్టర్ ఫిల్ము తీసి పది భాషల్లో వెయ్యాలంటే మొదటి తలనొప్పి పెదవులు. హిందీలో రెండున్నర సెకన్ల మాట తెలుగులో నాలుగు సెకన్లు పడుతుంది, నటుడు నోరు మూసేశాక కూడా గొంతు నడుస్తుంటుంది. అందుకని మాటలు తీసేస్తారు, పాట పెడతారు, వెనకనుంచి గొంతు పెడతారు. దుకాణం బోర్డులు, బండి నంబర్లు, నోట్లు ఫ్రేములో పడనివ్వరు, లేదా అక్షరాలు లేకుండా ఖాళీగా ఇంకో షాట్ తీసి ఉంచుకుని తర్వాత ఆయా భాషలో అతికిస్తారు. చివర్లో సరుకు చూపించే షాట్ మాత్రం దేశానికొకటి విడిగా తీస్తారు, పొట్లం మీద రాత మారుతుంది కదా. వంటలో ఉప్పూకారం తీసేసినట్టు ఊరు, కులం, యాస, ధర ఒక్కొక్కటే తీసేస్తూ పోతే చివరికి మిగిలేదేంటి? పాపాయి నవ్వు, ముసలాయన కౌగిలి, వాన. వాటికి డబ్బింగు అక్కర్లేదు. నీ కళ్ళు చెమర్చింది చాలామటుకు ఖర్చు తగ్గించుకునే లెక్కవల్లేరా.

కుట్ర లేదనడానికి ఇంకో రుజువు మన దగ్గరే ఉంది. 1971లో మనవాళ్ళు ఆ యాడ్ ఇంట్లో కూర్చుని చూసే దారే లేదు, దూరదర్శన్లో వాణిజ్య ప్రకటనలు మొదలైందే 1976 జనవరి 1న. మరుసటేడు కోక్ మన దేశం నుంచే వెళ్ళిపోయింది, విదేశీ వాటా 40 శాతానికి దించమని ఫెరా అనే విదేశీ మారక ద్రవ్య చట్టం మెడమీద కూర్చుంటే. సర్కారువారు దాని బదులు డబుల్ సెవెన్ అనే కూల్‌డ్రింకు తెచ్చారు (నవ్వకు, నీకు గుర్తుందని తెలుసు), పార్లేవాళ్ళు థమ్స్ అప్ తెచ్చారు. 1993లో కోక్ తిరిగొచ్చి థమ్స్ అప్, గోల్డ్ స్పాట్, లిమ్కా కొనేసింది. కొన్నాక థమ్స్ అప్‌ని కొండెక్కించి లోకకల్యాణం పాడించిందా? చిరంజీవిని పెట్టింది, మహేష్‌బాబుని పెట్టింది, దూకుళ్ళు, ఛేజింగులు. ఎక్కడ ఏది అమ్ముడుపోతే అక్కడ ఆ పాట. హమారా బజాజ్ దేశాన్ని చూపించి స్కూటర్ అమ్మింది, కొండ యాడ్ లోకాన్ని చూపించి కోక్ అమ్మింది. పనిముట్లు అవే.

అమెరికాలో 2014 సూపర్ బౌల్‌కి, అంటే వాళ్ళ ఫుట్‌బాల్ ఫైనల్‌కి, కోక్ వాళ్ళ దేశభక్తి గీతాన్ని హిందీతో సహా రకరకాల భాషల్లో పాడించి యాడ్ వేస్తే పెద్ద గొడవైంది, చూశావుగా. నీ వీడియోవాడి కోపానికి వేళ్ళు అక్కడివి. ఆ కోపాన్ని నేను వెక్కిరించను. తన పాట తనకి తెలియని భాషలో వినిపిస్తే మనిషికి ఏదో పోయినట్టు అనిపిస్తుంది.

కాని నాకు నిజంగా గుచ్చుకునేది వేరే ఉంది. యాడ్లో ఏం దాచారని వెతుకుతాం కాని, ఏం పెట్టలేదో చూడం. కొండమీద సీసా ఉంది, సీసాలో నీళ్ళెక్కడివో లేదు. కేరళలో ప్లాచిమడ ఊళ్ళో 2000లో కోక్ ఫ్యాక్టరీ పెట్టారు, బావులు ఇంకిపోయాయని జనం ఏళ్ళ తరబడి ధర్నా కూర్చున్నారు, 2004లో మూతపడింది. ఆ కొండ యాడ్లో నీళ్ళ ప్రస్తావన ఎంతసేపు ఉందో ఈసారి కొలిచి చూడు. చక్కెర కూడా. ఆ లెక్క నేను వేరే

అబ్బ, కొరియర్ కుర్రాడు కింద హారన్ మోగించేస్తున్నాడు. మిగతాది తర్వాత. ఆ 750 నొక్కుల పందెం మాత్రం ఖాయం, దాచిన బొమ్మ ఒక్కటి దొరికినా నేను ఓడినట్టే, థమ్స్ అప్ నీదే. వదినకి నమస్కారాలు చెప్పు, మాగాయ ఇంకో

నీ
బుజ్జిగాడు