సందేహించేవాళ్లు ఈస్టర్‌కు పరాయివాళ్లా?

సంపాదకులకు నమస్కారం.

ఈస్టర్ మర్నాడు మీ జిల్లా పేజీలో ‘సందేహించేవారికి పునరుత్థానంలో పాలు లేదు’ (అంటే, చనిపోయాక తిరిగి లేవడంలో వాటా లేదు) అని పెద్ద అక్షరాలతో వార్త వేశారు. మైదానంలో జరిగిన, ప్రార్థనతో రోగాలు నయం చేస్తామనే స్వస్థత సభలో ఒక ప్రసంగీకుడు అన్న మాట అది. ఆయన అన్నాడు, సరే. మీరు దాన్నే హెడ్డింగ్ చేసి, ఊళ్లో ఇన్ని సంఘాలుండగా ఇంకొక్కరిని కూడా అడగకుండా అచ్చు వేసేశారు. పది రోజులు ఊరుకుందామనే చూశాను, నా వల్ల కాలేదు.

నేను లూథరన్ కుటుంబంలో పుట్టినవాణ్ణి. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్లడం మాకు తాతల నాటి ఆనవాయితీ. ముందురోజే సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి వస్తాం. ఈ ఏడు నేను వెళ్లేసరికి మా ఆవిడ సమాధి ఒక పక్కకి కుంగి ఉంది, నిరుటి వానలకు కాబోలు. కొవ్వొత్తి నిలబడటం లేదు. ఇటుక ముక్క ఒకటి వెతికి, దాన్ని ఆనించి వెలిగించాను. ఈ రాయి కింద నుంచి ఈ మనిషి నిజంగా లేస్తుందా అన్న ప్రశ్న అక్కడ నిలబడిన ప్రతిసారీ నాకు వస్తుంది. వచ్చినా అందరితో పాటు పాట పాడతాను. ఇప్పుడు మీ పేపరు నన్ను అవిశ్వాసుల్లో కలిపేసింది.

ఆ ప్రసంగీకుడు బైబిలు తెరిచి చూడాలి. యేసు సమాధి ఖాళీగా ఉందని ఆడవాళ్లు వచ్చి చెబితే ఆయన ముఖ్య శిష్యులైన అపొస్తలులకే అవి ‘వెఱ్ఱి మాటలు’గా తోచాయని లూకా రాశాడు. మత్తయి చివరి అధ్యాయంలో, లేచిన ప్రభువు ఎదురుగా ఉండగానే ‘కొందరు సందేహించిరి’ అని ఉంది. ఆ కొందరిని పక్కకి పొమ్మనలేదు, సమస్త జనుల దగ్గరికీ వెళ్లమన్న ఆజ్ఞ వాళ్లకూ ఇచ్చాడు. ఇక ఆ శిష్యుల్లోనే ఒకడైన తోమా సంగతి. ప్రభువు చేతుల్లోని మేకుల గుర్తులో వేలు పెడితేనే గాని ‘నమ్మనే నమ్మను’ అన్నాడు. ఆ తర్వాత ఎనిమిది రోజులు గడిచాయి. చూసిన పదిమంది, చూడని ఈ ఒక్కడు, అదే ఇంట్లో, అదే తలుపులు వేసుకుని కలిసి ఉన్నారు. ఎవరూ అతణ్ణి వెళ్లగొట్టలేదు. ఆ ఎనిమిది రోజుల గురించి ఏ సభలోనూ ఎవరూ చెప్పగా నేను వినలేదు. ఆ తోమాయే క్రీ.శ. 52లో కేరళ తీరంలో దిగి, 72లో మైలాపూరు దగ్గర ప్రాణం ఇచ్చాడని మన దేశంలో క్రైస్తవులు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. మా ఆవిడకు చెన్నైలో క్యాన్సర్ వైద్యం చేయిస్తున్న రోజుల్లో శాంథోమ్ చర్చిలో ఆయన సమాధి ముందు కూర్చుని ఏడ్చాను.

ఆవిడ పోయాక ఒక పెద్దమనిషి మా ఇంటికొచ్చి, ‘మీ విశ్వాసం చాల్లేదు, లేకపోతే బతికేదండీ’ అన్నాడు. భూస్థాపన జరిగి ఇంకా మూడు రోజులు కాలేదు. సందేహం పాపమని మైకులో చెబితే, చివరికి అది ఇలా చావు ఇంటికే వస్తుంది. 2017లో ముంబైలో క్యాన్సర్‌తో చనిపోయిన ఒక కుర్రాడు తిరిగి లేస్తాడని ఇంట్లోవాళ్లు రోజుల తరబడి శవాన్ని ఉంచుకుని ప్రార్థన చేశారు. చివరికి పోలీసులు కలగజేసుకోవాల్సి వచ్చింది. ఆ తల్లిదండ్రులను తిట్టడానికి నాకు నోరు రాదు. వాళ్లకు అలా నేర్పినవాళ్ల మీదే నా కోపమంతా.

అధికారుల సంగతి ఇంకా దారుణం. క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. మంత్రాలూ మాయలూ పేరు చెప్పినా అంతే. మరి ఆ స్వస్థత సభ ఫ్లెక్సీలు నెల రోజులు మా సెంటర్లో వేలాడుతుంటే ఒక్క ఉద్యోగికీ కనబడలేదు. పక్కనే నాయకుల ఫ్లెక్సీలు, ‘గుడ్ ఫ్రైడే శుభాకాంక్షలు’ అని! ప్రభువును సిలువ వేసిన రోజున శుభాకాంక్షలేమిటండీ? మీ పేపర్లోనూ అదే ప్రకటన వచ్చింది. ప్రూఫు చూసేవాళ్లే లేకుండా పోయారా? సమాధుల తోటకు వీధి దీపం వేయమని మూడేళ్లుగా అర్జీలు పెడుతున్నాం. మొన్న చీకట్లో ఒక పెద్దావిడ తుప్పల్లో కాలు జారి పడింది, మోకాలు చీరుకుపోయింది. ఆమెను లేపి, ఆమె భర్త సమాధి దాకా సెల్‌ఫోన్ వెలుతురులో నడిపించుకుంటూ వెళ్లాం.

ఆ వార్త వేసిన పేజీలోనే, అంత స్థలంలోనే, తోమా కథ పూర్తిగా వేయండి. దీపం సంగతి కూడా రాయండి. నవంబరు 2న సమాధుల పండుగకు రోమన్ కేథలిక్ సోదరులు కూడా ఆ దారినే వెళ్లాలి.

— రిటైర్డ్ తెలుగు పండిట్, తెనాలి