అందరి శ్వాసా 18 సార్లేనా?

సంపాదకుడు గారికి,

అంబులెన్సు ఎన్ని నిమిషాల్లో వచ్చిందని అందరూ అడుగుతారు. వచ్చినవాళ్లు రోగిని ఎలా చూశారో ఎవరూ అడగరు. క్యాజువాలిటీలో ఏళ్ల తరబడి స్టాఫ్ నర్సుగా చేసినదాన్ని కాబట్టి రాస్తున్నాను.

అంబులెన్సులో వచ్చే టెక్నీషియన్లు మా చేతికిచ్చే కాగితంలో శ్వాస గడిలో ఎప్పుడు చూసినా 18 అనో 20 అనో ఉండేది. ఆయాసంతో మాట పూర్తి చేయలేని పెద్దాయనకూ 18, కాలు బెణికిన కుర్రాడికీ 18. పెద్దవాళ్లకు నిమిషానికి 12 నుంచి 20 మామూలు కాబట్టి ఆ అంకె వేస్తే ఎవరూ నిలదీయరు. ఆ పెద్దాయన ఛాతీ చూస్తూ నేను లెక్కపెడితే 34 వచ్చింది. నాడి, బీపీ ఎంతో మెషిన్ చెప్పేస్తుంది. శ్వాసను మాత్రం కనీసం అర నిమిషం మనమే లెక్కపెట్టాలి. ఒంట్లో తేడా వస్తే చాలాసార్లు ముందు మారేది అదే.

మెషిన్‌నూ పూర్తిగా నమ్మలేం. పొగలో చిక్కుకున్న మనిషి రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ నిండినా వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే పల్స్ ఆక్సీమీటర్ అంతా బాగున్నట్టే 98 చూపించగలదు. లోపల రక్తం కారిపోతున్నా బీపీ కొంతసేపు బాగానే ఉంటుంది. చెయ్యి పట్టుకుంటే చల్లటి చెమట, పరుగెత్తే నాడి తెలిసిపోతాయి. తాగి పడిపోయాడనుకున్నవాడికి షుగర్ పడిపోయి ఉండొచ్చు. వేలి నుంచి ఒక్క చుక్క తీసి చూడటానికి ఎంతసేపు?

ఇవేవీ వాళ్లకు నేర్పనివి కావు. శ్వాసదారి, శ్వాస, రక్తప్రసరణ, స్పృహ అనే వరుస నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఉద్యోగంలో చేరాక మాత్రం పక్కన నిలబడి చూసేవాళ్లు ఉండరు. నేను చూసిన రిఫ్రెషర్ క్లాసులు బొమ్మ మీద సీపీఆర్‌తోనే, అంటే గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కడంతోనే అయిపోయేవి. అదీ కావాలి, కాదనను. కానీ సీనియర్ ఒకరు అప్పుడప్పుడు బండెక్కి, టెక్నీషియన్ రోగిని చూసే తీరు గమనిస్తే ఎక్కువ మేలు. పరిస్థితి బాగాలేని రోగిని 5 నిమిషాలకోసారి మళ్లీ చూడాలన్నది నియమం. కాగితం మీద ఆ రెండో వరుస ఖాళీగా ఉంటే ఎందుకని అడగాలి.

ఆసుపత్రులూ ఒక పని చేయాలి. ఛాతీనొప్పి లేకుండా ఉత్త నీరసమని వచ్చిన షుగర్ పేషెంట్‌కు గుండెపోటని తేలితే, తీసుకొచ్చిన టెక్నీషియన్‌కు ఆ కబురు ఎవరూ చెప్పరు. అతను స్ట్రెచర్ తుడుచుకుని ఇంకో కేసుకు వెళ్లిపోతాడు. మర్నాడు ఒక్క ఫోన్ చేస్తే చాలు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు