చీటీ మీద వేసిన బీపీ అంకెలకు అర్థం చెప్పేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ జరిగే ఆరోగ్య శిబిరాలలో బీపీ చూసి, చిన్న చీటీ మీద 150/94 అనో 138/86 అనో వేసి పంపించేస్తున్నారు. ఇంకేమైనా రాస్తే అది ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. తెలుగు తప్ప చదవడం రాని పెద్దవాళ్లు ఆ చీటీ పట్టుకుని మందుల దుకాణానికి వెళ్లి, ఇది ఎక్కువా తక్కువా అని అడుగుతారు. ఒకరు ఆ పూట నుంచే బిళ్ళ మొదలుపెడతారు, మరొకరు చీటీని దేవుడి పటం వెనక దోపి మరచిపోతారు. చాలాకాలం నర్సుగా పనిచేసినదాన్ని గనుక ఈ రెండింటి పర్యవసానమూ చూశాను.

గుండె ముడుచుకుని రక్తాన్ని ధమనులలోకి నెట్టినప్పుడు వాటి గోడల మీద పడే ఒత్తిడి పై అంకె. రెండు స్పందనల నడుమ గుండె సడలినప్పుడు ఆ ధమనులలో మిగిలి ఉండే ఒత్తిడి కింది అంకె. ‘కిందది బాగుంటే చాలు, పైది వయసును బట్టి పెరుగుతుందిలే’ అన్న మాట మా వైపు తరచు వినిపిస్తుంది గానీ అది నమ్మదగినది కాదు. వయసు మీద పడేకొద్దీ ధమనులు బిరుసెక్కి 160/78 వంటి కొలతలు రావడం మామూలే అయినా, మామూలు కావడం వల్ల అది నిరపాయం కాదు. యాభై దాటినవారిలో పక్షవాతం, గుండెజబ్బుల ముప్పును ముందుగా పట్టి ఇచ్చేది ముఖ్యంగా ఆ పై అంకే. రెండింటిలో ఏ ఒక్కటి హద్దు దాటినా రక్తపోటు ఎక్కువగా ఉన్నట్టే లెక్క.

హద్దు విషయంలోనూ గందరగోళం ఉంది. మన దేశంలో ప్రభుత్వ వైద్యులు పాటించేది 140/90. అమెరికా హృద్రోగ నిపుణులు 2017లో తమ హద్దును 130/80కి దించారు. ఫోనులో వెతికే పిల్లలు ఆ అమెరికా హద్దు చూసి, 134/82 వచ్చిన తల్లిని ఒక్కసారిగా రోగిని చేస్తున్నారు. ముప్పు ఒక అంకె దగ్గర హఠాత్తుగా మొదలవదు, అంతకు చాలా కింది నుంచే మెల్లగా పెరుగుతూ వస్తుంది; మందు ఎప్పుడు మొదలుపెట్టాలో తేల్చుకోవడానికి వైద్యులు గీసుకున్న గీత మాత్రమే ఈ హద్దు. అలాంటి తల్లికి ఉప్పు తగ్గించమనీ, నడవమనీ, కొన్నాళ్లకు మళ్లీ చూపించుకోమనీ చెబితే సరిపోవచ్చు. చక్కెర జబ్బో మూత్రపిండాల జబ్బో ఉంటే మాత్రం నిర్ణయం వైద్యునిదే.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది కొలిచే తీరు. ఎండలో నడిచి వచ్చి వరుసలో నిలబడిన మనిషిని కుర్చీ అంచున కూర్చోబెట్టి, చేయి వేలాడుతుండగా, చీర జాకెట్టు మీదనే పట్టీ చుట్టి, ‘ఏ ఊరమ్మా మీది?’ అని మాట కలుపుతూ యంత్రం నొక్కితే వచ్చే అంకె ఆమె రక్తపోటు కాదు. మాట్లాడటం, మూత్రం ఆపుకోవడం, లావు చేతికి చిన్న పట్టీ చుట్టడం, వీటిలో ఏ ఒక్కటైనా పై అంకెను పది దాకా, ఒక్కొక్కప్పుడు అంతకు మించి కూడా పెంచగలదు. కొలతకు ముందు అరగంట పాటు టీ, కాఫీ, చుట్ట, బీడీ ఉండకూడదు. మా ప్రాంతపు ఆడవాళ్లు పళ్లకు రాసుకునే గుడాఖు కూడా పొగాకే కనుక అదీ ఉండకూడదు, ఈ సంగతి అడిగేవారే ఉండరు. అయిదు నిమిషాలు వీపు ఆన్చి, పాదాలు నేల మీద పెట్టి, చేతిని గుండె ఎత్తున బల్ల మీద ఉంచి, నిమిషం ఎడంతో కనీసం రెండుసార్లు చూసి సగటు తీయాలి. మొదటిసారి రెండు చేతులకూ చూసి, ఎక్కువ వచ్చిన చేతికే ఆ తరువాత ఎప్పుడూ చూడాలి. మరీ ఎక్కువ వస్తే తప్ప ఒక్క రోజు కొలతతో బీపీ ఉందని తేల్చకూడదు. ఇంట్లో కుదురుగా చూసుకునేవారికి హద్దు 135/85.

సరిహద్దు కావడం వల్ల మాకు మరో చిక్కు ఉంది. ఆంధ్ర వైపున పాతపట్నంలోనో టెక్కలిలోనో వైద్యుడు మందు రాస్తాడు. తరువాత ఇక్కడి శిబిరంలో 126/80 వస్తుంది. బీపీ తగ్గిపోయిందని ఇంటివాళ్లు బిళ్ళ మాన్పిస్తారు. బిళ్ళ వేసుకోవడం వల్లనే ఆ అంకె వచ్చిందని చీటీ చెప్పదు. తల తిరగలేదు, నొప్పి లేదు కనుక బీపీ లేదనుకోవడమూ అంతే తప్పు, ఎందుకంటే చాలామందిలో అది ఏ బాధా పెట్టకుండానే ఏళ్ల తరబడి ఉంటుంది. 180/120 దాటి, దానితోపాటు గుండెనొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒక వైపు చేయీ కాలూ పడిపోవడం, చూపు మసకబారడం వంటివి కనిపిస్తే మళ్లీ కొలుస్తూ కూర్చోక వెంటనే 108కి ఫోను చేయాలి. ఏ బాధా లేకుండా అంత అంకె వస్తే కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూసి, అప్పటికీ తగ్గకపోతే ఆలస్యం చేయక వైద్యునికి చూపించాలి.

మీ జిల్లా పేజీలో ఈ హద్దులను పెద్ద అక్షరాలలో ఒక పట్టికగా, కత్తిరించి గోడకు అంటించుకునే విధంగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. శిబిరాలు నడిపేవారు తేదీ, సమయం, ఏ చేయి, మొదటి కొలత, రెండో కొలత, ఇప్పుడు వాడుతున్న మందు అనే ఆరు గడులతో తెలుగులోనూ ఒడియాలోనూ ఒక కార్డు అచ్చు వేయిస్తే, రోగి దాన్ని సరిహద్దుకు ఏ వైపు వైద్యునికైనా చూపించుకోగలడు.

ఇట్లు,
విశ్రాంత స్టాఫ్ నర్సు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా