రేకు కోసే ముందు ఒక బిందె నీళ్లు పోయండి

సంపాదకులకు నమస్కారం.

మాది పలాస దగ్గర ఒక ఊరు. మొన్న ఆదివారం మా ఎదురింటి వాళ్లు పశువులకి షెడ్డు వేయిస్తుంటే పొద్దున్నుంచి కటింగ్ మెషీన్ మోత. బయటికొచ్చి చూస్తే ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రాడు సిమెంటు రేకు మీద మోకాలు ఆనించి పొడిగానే కోసేస్తున్నాడు. కనురెప్పల మీద, చెవుల్లో, చొక్కా మడతల్లో తెల్లటి పొడి. మూతికి జేబురుమాలు కట్టుకున్నాడు, అదీ సగం జారిపోయింది. ఇంటావిడ ఆ పొడిని చీపురుతో ఊడుస్తుంటే మూడేళ్ల మనవడు రేకు ముక్కలు ఏరుకుని ఆడుకుంటున్నాడు. "తమ్ముడూ, కాస్త నీళ్లు పోసి కొయ్యి, ఈ దుమ్ము మంచిది కాదు" అంటే "ఏటవుద్దన్నా, సిమెంటే కదా" అన్నాడు.

సిమెంటు ఒక్కటే కాదు కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను. మన ఊళ్లలో సిమెంటు రేకులని పిలిచే వాటిలో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ కలుపుతారు. తెలుగులో రాతినార. రేకు చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం ఆ నార సిమెంటులో అతుక్కుని ఉంటుంది. కోసినా, డ్రిల్లు పెట్టినా, పగలగొట్టినా, పాతబడి పెచ్చులూడినా కంటికి కనపడని పోగులుగా గాల్లోకి లేస్తుంది. ఊపిరితిత్తుల లోతుకి చేరినవాటిని ఒళ్లు అరిగించుకోలేదు, బయటికీ పంపలేదు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే ఆస్‌బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, వాటి చుట్టూ ఉండే పొరకి వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్, ఇవన్నీ దీనివల్ల వస్తాయని ఏనాడో తేలిపోయింది. బీడీ, సిగరెట్ తాగేవాళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఇంకా చాలా ఎక్కువ. పనిచేసే చోట ఈ దుమ్ము పీల్చి ఏటా ప్రపంచంలో 2 లక్షల మందికి పైగా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

అసలు చిక్కల్లా ఇవాళ పీలిస్తే రేపు దగ్గు రాకపోవడంలోనే ఉంది. జబ్బు బయటపడేసరికి 20, 30, ఒక్కోసారి 40 ఏళ్లు పడుతుంది. అప్పటికి ఆ కుర్రాడికి నడివయసు దాటుతుంది, ఎక్కడ ఎవరి షెడ్డుకి రేకులు కోశాడో అతనికే గుర్తుండదు, డాక్టరు కూడా అడగకపోవచ్చు. ఆయాసంతో ఆస్పత్రికి వెళ్లే తాపీ మేస్త్రీలు, రేకులు వేసేవాళ్లు, పాత బిల్డింగులు కూల్చేవాళ్లు తాము చేసిన పని ఏమిటో డాక్టరుకి తప్పకుండా చెప్పాలి.

ఉద్దానం వాళ్లం మేం. ఏ నొప్పీ లేకుండా ఒంట్లో చేరిన జబ్బు ఇంటికొకరిని ఎలా మంచాన పడేస్తుందో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఏమిటని ఏళ్ల తరబడి వెతుకుతూనే ఉన్నారు. ఇక్కడ కారణం తెలుసు, ఎలా తప్పించుకోవాలో కూడా తెలుసు, అయినా కోసేవాడికి ఆ మాట చెప్పేవాళ్లు లేరు. నాకు కోపం వచ్చేది అందుకే.

2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా వీధిలో సగం ఇళ్ల రేకులు ఎగిరిపోయాయి. పగిలిన ముక్కలన్నీ పోగేసి, నేనూ మా తమ్ముడూ సుత్తులతో చిన్నచిన్న ముక్కలు చేసి వాకిట్లో గుంత పూడ్చాం. అమ్మ రెండు పూటలా అక్కడ ఊడ్చేది. మాకు అప్పుడు తెలీదు. ఇప్పుడు ఆ గుంత మీద మందంగా మట్టి పోసి పైన సిమెంటు చేయించాను గానీ అమ్మ దగ్గినప్పుడల్లా నాకు టెన్షనే.

50కి పైగా దేశాలు రాతినారని నిషేధించాయి. దశాబ్దాల పాటు తవ్వి ప్రపంచమంతా అమ్మిన కెనడా కూడా 2018లో నిషేధం పెట్టింది. మన కడప జిల్లాలో పులివెందుల వైపు ఒకప్పుడు రాతినార గనులుండేవి. దేశంలో గనులకి కొత్త లీజులు 1986లోనే ఆపేశారు, కానీ రష్యా లాంటి దేశాల నుంచి టన్నులకి టన్నులు దిగుమతి చేసుకుంటూనే ఉన్నాం. ఈ పరిశ్రమల కార్మికుల ఆరోగ్య రికార్డులు కనీసం 40 ఏళ్లు దాచాలని సుప్రీంకోర్టు 1995లో తీర్పిచ్చింది. ఫ్యాక్టరీ కార్మికుడికి కాగితం మీదైనా అంత ఉంది, మా ఊరి రేకుల కుర్రాడికి ఏ రికార్డూ లేదు.

రేకుల ఇల్లు వదిలేసి పొమ్మని నేను ఎవరికీ చెప్పడం లేదు, స్లాబు వేసుకునే స్తోమత అందరికీ ఎక్కడిది? బాగున్న రేకుని కదపకండి చాలు. కోయక తప్పకపోతే నీళ్లు ధారగా పోస్తూ చేతి రంపంతో కోయండి, మెషీన్ వద్దు. పాత రేకుల్ని పగలగొట్టి కిందికి తోసేయకుండా బోల్టులు విప్పి, తడిపి, నిండు రేకుగా దించండి. దుమ్ముని పొడిగా ఊడవద్దు, తడిగుడ్డతో తుడవండి. పనిచేసిన బట్టలు దులపకుండా నీళ్లలో ముంచి విడిగా ఉతకండి, ఎందుకంటే భర్త బట్టలు ఉతికి జబ్బు పడ్డ ఆడవాళ్లు కూడా చాలా దేశాల్లో ఉన్నారు. జేబురుమాలు ఈ పోగుల్ని ఆపదు. ముక్కలతో కోళ్ల గూడు కట్టడం, రోడ్డు గుంతలు పూడ్చడం మానేయాలి, వాటిని తీసుకెళ్లి భద్రంగా పూడ్చే ఏర్పాటు పంచాయతీలు చేయాలి.

తుఫాను వచ్చే ప్రతిసారీ మీ పేపర్లో తీసుకోవాల్సిన జాగ్రత్తలు వేస్తారు కదా. కరెంటు తీగలు, తాగునీళ్ల గురించి రాసేచోట పగిలిన రేకుల గురించి కూడా నాలుగు లైన్లు వేయండి, రేకులమ్మే షాపుల్లో గోడకి అంటించేలా పెద్ద అక్షరాలతో వేస్తే ఇంకా మంచిది. మా ఊరి షాపులో నేనే అంటిస్తాను.

ఇట్లు
మీ పాఠకుడు, పలాస మండలం