మూత ఎత్తొద్దు, పూడిక కొలవండి

సంపాదకులకు,

వాన దంచికొడితే హైదరాబాద్ కాలనీల్లో రోడ్డు మీది నీళ్లు పోవాలని మ్యాన్‌హోల్ మూత ఎత్తేస్తుంటారు. దయచేసి ఆపండి. అది మురుగు పైపు, వాననీటి కోసం వేసింది కాదు. పల్లపు వీధిలోని ఇళ్లలోకి మురుగు ఎగదన్నుతుంది. పైగా బురదనీటిలో తెరిచిన గుంత కనపడదు, ప్రాణాలే పోతాయి.

అసలు పని మే నెలలోనే ఉంది. నాలా పూడిక తీయకముందోసారి, తీశాకోసారి వెదురుకర్రను అడుగు తగిలేదాకా దించి, గట్టు అంచు కర్రకు ఎక్కడ వచ్చిందో అక్కడ గీత పెట్టండి. తీసిన మట్టి గట్టునే వదిలితే మొదటి వానకే మళ్లీ లోపలికి జారుతుంది. లారీకెత్తేదాకా కాలనీవాళ్లు ఇద్దరైనా అక్కడుండాలి. అనుమానముంటే 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, ఇంజనీర్లు చేసిన పనిని నమోదుచేసే కొలతల పుస్తకం నకలు అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. అందులోని లోతును కర్ర మీది గీతలతో పోల్చి చూడండి.

– కాలనీ సంక్షేమ సంఘం సభ్యులు, హైదరాబాద్