నరాల నొప్పికి పరిశోధకులు కావాలి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఒక జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ డాక్టర్ని. షుగర్ ఓపీకి వచ్చేవాళ్లలో చాలామంది అడిగేది షుగర్ గురించి కాదు. "సార్, అరికాళ్లు మండుతున్నయి, రాత్రిపూట నిద్ర పడ్తలేదు" అంటారు. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేరు. చన్నీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకుని తెల్లారేదాకా కూర్చునేవాళ్లు కూడా ఉన్నారు. కళ్లు మూసుకోమని చెప్పి, అదే అరికాలికి మోనోఫిలమెంట్ ఆనిస్తాను. పది గ్రాముల ఒత్తిడికి వంగే సన్నని నైలాన్ పోగు అది. పోగు వంగుతుంది, మనిషి మాత్రం "ఏం తెలుస్తలేదు సార్" అంటాడు. ముట్టుకుంటే తెలియని పాదమే రాత్రంతా మండుతుంది. కాలికి ఏ నిప్పూ తగల్లేదు, దెబ్బతిన్న నరమే మంటను పుట్టిస్తోంది. నరాల నొప్పి అంటే ఇదే.

వీళ్లలో ఎక్కువమంది మా దగ్గరికి వచ్చేలోపే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లో అనే నొప్పి ఇంజెక్షన్లు వేయించుకుని ఉంటారు. ఆ మందు నరం నొప్పికి పనిచేయదు. పైగా షుగర్‌తో అసలే నలిగిన కిడ్నీల మీద ఇంకో భారం. ఆర్‌ఎంపీలను తిట్టి లాభం లేదు, పెద్ద డాక్టర్లమైన మా చేతిలో ఉన్నవి కూడా అంతంతమాత్రం మందులే. 2015లో లాన్సెట్ న్యూరాలజీ అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్షను చూడండి. నరాల నొప్పికి వాడే ప్రీగాబలిన్‌ను దాదాపు ఎనిమిది మందికి ఇస్తే, మందు లేని ఉత్తుత్తి మాత్రతో వచ్చే ఉపశమనానికి మించి చెప్పుకోదగ్గ మేలు జరిగేది ఒక్కరికి. అమిట్రిప్టిలిన్ తరహా మందులు కొంత నయం, దాదాపు నలుగురిలో ఒకరికి. కానీ వాటితో నోరు ఎండిపోతుంది, మత్తుగా ఉంటుంది, ముసలివాళ్లు లేచి నడవబోతే తూలిపడతారు.

దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉందని 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇండియాబ్ సర్వే లెక్క తేల్చింది. అందరికీ ఈ నొప్పి రాదు, నిజమే. కానీ షుగర్ ఒక్కటే కారణమూ కాదు. అక్కి మానిపోయాక నెలల తరబడి పక్కటెముకల మీద మంట మిగిలినవాళ్లున్నారు, క్యాన్సర్ మందులతో వేళ్లు మొద్దుబారినవాళ్లున్నారు. కుష్ఠు మందుల కోర్సు ముగిసినా నొప్పి పోనివాళ్లూ ఉన్నారు. ముంబయిలో కుష్ఠు చికిత్స పూర్తయినవాళ్లను లండన్ పరిశోధకులతో కలిసి పరీక్షిస్తే, సుమారు ఐదుగురిలో ఒకరికి నరాల నొప్పి ఉన్నట్టు 2011లో బయటపడింది. కుష్ఠు మన జబ్బు, రోగులు మనవాళ్లు. ఆ ప్రశ్న వేయడానికి లండన్ తోడు ఎందుకు కావాల్సి వచ్చిందన్నదే నా బాధ.

మన ప్రశ్నలు మనకే ఉన్నాయి. ప్రీగాబలిన్‌కు మిథైల్‌కోబాలమిన్ (బీ12 విటమిన్‌లో ఒక రూపం) కలిపిన మాత్ర ఏ మెడికల్ షాపులో అడిగినా దొరుకుతుంది, నేనూ రాస్తాను. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గుతుంది కాబట్టి, తగ్గినవాళ్లకు అది ఇవ్వడం సబబే. మరి బీ12 సరిగ్గా ఉన్నవాళ్లకు ఆ జోడీతో ఒరిగేదేమిటి? దీని మీద గట్టి ఆధారం చాలా తక్కువ. కంపెనీలు తేల్చవు. అమ్ముడుపోతున్న మాత్రకు పరీక్ష ఎవరు పెట్టుకుంటారు?

బ్రిటన్‌లో ఇలాంటి ప్రశ్నకే ప్రజాధనం ఖర్చు పెట్టారు. అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్, ప్రీగాబలిన్, ఈ మూడిట్లో దేనితో మొదలుపెట్టాలన్నది ప్రశ్న. అన్నీ పాత మందులే, ఎవరికీ కొత్తగా లాభాలు తెచ్చేవి కావు. షెఫీల్డ్ డాక్టర్ల నాయకత్వంలో 13 కేంద్రాల్లో, 130 మంది షుగర్ రోగులతో ఆప్షన్-డీఎం అనే ట్రయల్ (రోగులతో చేసే మందుల పరీక్ష) చేసి 2022లో ఫలితం చెప్పారు. దేనితో మొదలుపెట్టినా ఫలితం దాదాపు ఒకటే, ఒక మందు చాలనివాళ్లకు రెండోది కలిపితే ఇంకొంత తగ్గుతుంది. నూట ముప్పై మందే సార్! అంతమంది మా ఓపీలో దొరకడం ఎంతసేపు?

మా దగ్గర కొరత రోగులకు కాదు, ట్రయల్ నడపగల డాక్టర్లకు. ఎండీ చదివే ప్రతి పీజీ థీసిస్ రాయాలి, రాస్తున్నారు కూడా. ఒక్క కాలేజీ, కొద్దిమంది రోగులు, కొన్ని నెలల గడువు. పరీక్ష పాసయ్యాక అది బీరువాలోకి పోతుంది. గైడుగా ఉన్న ప్రొఫెసరుకు ఓపీ, వార్డు, క్లాసులు, ఇన్‌స్పెక్షన్ టెన్షన్ పోను మిగిలే టైమెంత? మరోవైపు బాలానగర్‌లోని ఔషధ విద్య, పరిశోధన సంస్థ నైపర్‌లో షుగర్ తెప్పించిన ఎలుకల నరాల మీద ఏళ్లుగా మంచి పని జరుగుతోంది. ఆ ఎలుక నుంచి మా ఓపీలోని మనిషి దాకా దారి వేసేవాళ్లే లేరు.

నొప్పి మీద ట్రయల్ అంటే బీపీ కొలిచినంత తేలిక కాదు. నొప్పిని చూపించే రక్తపరీక్ష లేదు, రోగి మాటే కొలత. సున్నా నుంచి పది వరకు ఎంత ఉందో చెప్పమంటే "పదికి పదహారు" అన్న పెద్దమ్మలను చూశాను. ఉత్తుత్తి మాత్రకు కూడా చాలామందికి నొప్పి తగ్గుతుంది. వరి కోతలొస్తే రోగులు ఫాలో-అప్‌కు రారు. ఇవన్నీ ముందే లెక్కలో పెట్టుకుని ట్రయల్ రూపొందించడం ఒక విద్య, రెండు రోజుల వర్క్‌షాపులో రాదు. బ్రిటన్‌లో పరిశోధన వైపు వెళ్లే యువ డాక్టర్లకు పనివేళల్లో పావు వంతు, తర్వాతి మెట్టులో సగం, పరిశోధనకే కేటాయించే పోస్టులున్నాయి. అలాంటివి మనకూ కావాలి.

ట్రయల్ మాటెత్తితే మన జనానికి భద్రాచలం గుర్తుకొస్తుంది, రావాలి కూడా. 2009లో భద్రాచలం కూడా కలిసి ఉన్న అప్పటి ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునేది) వేసిన ప్రాజెక్టును 2010లో ఆపేశారు. తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన తీరును పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో తప్పుపట్టింది. అందుకే చెబుతున్నాను, అర్థమయ్యేలా చెప్పి సమ్మతి తీసుకోవడం కూడా ఈ శిక్షణలో మొదటి పాఠంగా ఉండాలి. వేలిముద్ర వేయించుకుంటే సరిపోదు.

జిల్లాకో మెడికల్ కాలేజీ వచ్చింది, సంతోషం. వాటిలో పదింటిని ఎంచుకుని, ఒక్కో కాలేజీలో ఒక అసిస్టెంట్ ప్రొఫెసరుకు వారానికి రెండు రోజులు డ్యూటీ తప్పించండి. ఆ రోజుల జీతం కోయకుండా, వాళ్లకు నిమ్స్‌లోనో కాళోజీ హెల్త్ యూనివర్సిటీ పరిధిలోనో ట్రయల్ పద్ధతుల్లో రెండు మూడేళ్లు తర్ఫీదు ఇప్పించండి. చదువుకుంటూనే వాళ్లంతా కలిసి ఒకే ట్రయల్ నడపాలి, నా మట్టుకు నేనైతే మిథైల్‌కోబాలమిన్ ప్రశ్నతో మొదలుపెడతాను. పీజీలు ఎలాగూ మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయాలి కదా, ఫాలో-అప్‌లో వాళ్లు తోడ్పడతారు. విడివిడి థీసిస్‌లకు బదులు అందరూ ఒకే ప్రోటోకాల్ (ట్రయల్ ఎలా నడపాలో రాసిన పత్రం) మీద రాసినా యూనివర్సిటీ అంగీకరించాలి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు. కాలేజీకో నర్సు, ఫోన్ చేసి రోగుల రాత్రి నొప్పి వివరాలు రాసుకోవడానికి ఒక మనిషి, మందులు, బీ12 పరీక్షల ఖర్చు ఉంటే చాలు.

సార్, వచ్చే బడ్జెట్ ప్రతిపాదనలు తయారయ్యేలోపు వైద్య విద్య సంచాలకుల కార్యాలయంలో ఈ విషయం మీద ఒక్క సమావేశం పెట్టించండి. ప్రోటోకాల్ ముసాయిదాతో వస్తాం. రోగుల మేలు చూసే ఎథిక్స్ కమిటీలో కూర్చున్న అనుభవం ఉన్నవాళ్లనూ, ఈ నొప్పితో బతుకుతున్న రోగులను ఇద్దరు ముగ్గురినీ ఆ సమావేశానికి పిలవండి.

ఇట్లు,
ఒక జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి వైద్యుడు